పొదిలిలో ఒక రికార్డు, కనిగిరిలో ఇంకొకటి

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. పొలం అమ్ముదామంటే కొనేవాళ్ల వకీలు ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూమి రిజిస్టరు నకలు తెమ్మన్నారు. మండలాఫీసులో అడిగితే మీ ఊరికి అది లేదు, ఎస్‌ఎఫ్‌ఏ అనే ఇంకో రికార్డు ఉందన్నారు. కనిగిరి వైపు మా వియ్యంకుడి ఊరికి ఆర్‌ఎస్‌ఆర్ ఉంది. జిల్లా ఒకటే కదా, కాగితాలు వేరెందుకు? (ఒక రైతు, పొదిలి)

జవాబు: ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అంతకుముందు పొదిలి, కనిగిరి రెండూ నెల్లూరు జిల్లాలోవి. మీ కాగితాల తేడా అంతకు చాలా ముందుది. 1801లో నెల్లూరు సీమ ఆర్కాటు నవాబు నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. దొరల్లో అప్పటికి రెండు వాదాలు. ఊరూరా లెక్కలు మనకెందుకు, ఒక జమీందారుకు అప్పగించి ఏటా ఇంత పేష్కష్ (సర్కారుకు కట్టే సొమ్ము) అని శాశ్వతంగా తేల్చేస్తే భూమిని ఆయనే బాగుచేసుకుంటాడన్నది మొదటిది. గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ 1793లో బెంగాల్లో పెట్టిన ఈ పద్ధతి 1802 రెగ్యులేషన్‌తో ఇటూ వచ్చింది. పొదిలి, దర్శి ప్రాంతాల్లో చాలా ఊళ్లు వెంకటగిరి రాజావారి జమీనులో ఉండేవి. మధ్యలో ఎవరూ వద్దు, సర్కారు నేరుగా రైతుతోనే తేల్చుకోవాలన్నది రెండోది, కంపెనీ అధికారి థామస్ మన్రో వాదం. అదే రైత్వారీ. కనిగిరి ఆ లెక్కలోకి వచ్చింది.

రైత్వారీలో శిస్తు చేను చేనుకూ విడిగా వేయాలి. అందుకు కొలవాలి, నేల తరం (సారాన్ని బట్టి రకం) కట్టాలి, కట్టేవాడి పేరు రాసుకోవాలి. సుమారు 30 ఏళ్లకోసారి ఈ పని మళ్లీ చేసేవారు. అలా తయారైన రీసెటిల్‌మెంట్ రిజిస్టరే ఆర్‌ఎస్‌ఆర్. (రైతు మీద ప్రేమతో చేశారనుకోకండి, శిస్తు జారిపోకుండా చూసుకోవడానికే.) జమీను ఊళ్ల మీద సర్కారుకు ఎస్టేటు మొత్తానికి ఒకటే అంకె. ఏ చేను ఎవరిదన్నది జమీందారు కచేరీ చూసుకునేది.

1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం జమీన్ రైతుకు సాగు హక్కు ఇచ్చింది. 1937లో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన వేసిన కమిటీ ఇంకా ముందుకెళ్లి భూమికి అసలు హక్కుదారు రైతేనని తేల్చింది. 1939లో మంత్రివర్గం దిగిపోవడంతో ఆ సిఫార్సులు చట్టం కాలేదు. చివరికి 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే మీ ఊళ్లలో సర్కారు సెటిల్‌మెంటు జరిపింది. సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఎస్‌ఎఫ్‌ఏ, అప్పటి రికార్డే. మీ ఊరికి మూలం అదే, ఆర్‌ఎస్‌ఆర్ కంటే తక్కువదేమీ కాదు. వకీలుగారికి ఈ మాట గట్టిగానే చెప్పండి.

ధృవీకరించిన నకలు తీసుకుని సర్వే నంబరు, విస్తీర్ణం, వర్గీకరణ, పట్టాదారు పేరు చూడండి. ఆ పేరు నుంచి మీ దాకా వారసత్వం, విక్రయ దస్తావేజుల గొలుసు ఎక్కడా తెగకూడదు. ఎస్‌ఎఫ్‌ఏలో మొత్తం నంబరు ఉండి మీ చేతిలో సబ్‌డివిజన్ ఉంటే దాని రికార్డు, ఎఫ్‌ఎంబీ (చేను కొలతల పుస్తకం) పటం కూడా కావాలి. రీసర్వే అయిన ఊరైతే ఇప్పుడు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరే నడుస్తుంది, పాత నంబరుతో జత కుదిరిందో లేదో సరిచూసుకోండి.

ఎక్కువగా దెబ్బతినేది రెండు చోట్ల. ఎస్టేటులోని చెరువులు, బీళ్లు, పోరంబోకులు 1948 చట్టంతో సర్కారువయ్యాయి. ఆ తర్వాత జమీందారు సంతకంతో పుట్టిన కాగితం ఎంత పాతగా కనిపించినా హక్కు ఇవ్వదు. ఇక 1945 జూలై 1న గానీ తర్వాత గానీ జమీందారు కొత్తగా సాగులో పెట్టినవారికి ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప రైత్వారీ పట్టాకు అర్హత లేదు. ఇలాంటి నంబర్లు 22-ఎ నిషేధ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, తేలుతుంటాయి. అడ్వాన్సు పుచ్చుకోకముందే ఆ జాబితా చూసుకోండి.

ప్రశ్న: తాతగారి పట్టాలో ఫసలీ 1358 అని ఉంది. ఏ సంవత్సరం? (కోవూరు పాఠకురాలు)

జవాబు: 590 కలపండి. 1948 జూలై నుంచి 1949 జూన్ వరకు. జనవరి నుంచి జూన్ లోపు తేదీలకు 591 కలపాలి. ఇక్కడే చాలామంది ఏడాది తప్పుతారు. పంట లెక్క కోసం మొగలులు పెట్టిన సంవత్సరం ఇది, కంపెనీ కొనసాగించింది, తర్వాతి ప్రభుత్వాలూ కొనసాగించాయి.

ప్రశ్న: కరణాల దగ్గరున్న పాత లెక్కలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి? (కావలి పాఠకుడు)

జవాబు: 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేసింది. వంశపారంపర్య పెత్తనం పోవాలన్న ఆలోచన సరైనదే, అప్పగింతలు మాత్రం అన్ని ఊళ్లలో ఒకలా జరగలేదు. ముందు తహసీల్దారుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. రికార్డు లేదని వాళ్లంటే, లేదనే రాసివ్వమనండి. ఆ కాగితం పట్టుకుని కలెక్టరేట్ రికార్డు గదిలో, సర్వే శాఖలో నకలు అడగండి. దరఖాస్తులో ఊరి పేరుతో పాటు పాత తాలూకా పేరు కూడా రాయండి. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు కట్టలన్నీ తాలూకా పేరు మీదే ఉంటాయి.