సింధూ, టీషర్టులు ఆర్డర్ పెట్టేముందు ఇది చదువు

చి. సింధూకి,

నీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొదటి పెద్ద రిలీజు దగ్గర పడిందనీ, వలంటీర్లను గుర్తించి సత్కరించే పని నువ్వే నెత్తినేసుకున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే, కమిట్ల లెక్క తీసి, అంటే కోడ్‌లోకి ఎవరు ఎన్ని మార్పులు ఎక్కించారో చూసి, మొదటి పదిమందికి టీషర్టులు ఇస్తావట అంది. అప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు.

తేలికవి ముందే చెప్పేస్తాను. కొత్తవాళ్ళు ప్యాచ్, అంటే ఏదైనా దిద్దుబాటు, పంపితే జవాబు ఆలస్యం చేయకు. పేరు వేసేముందు అడుగు. కొందరికి ఆఫీసులో ఇబ్బంది, కొందరు ఆడపిల్లలకు అసలు పేరు బయటపడటమే టెన్షన్.

టీషర్టుల ముచ్చట 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, అదే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు సాయం చేయమని అక్టోబరులో పెట్టే పండగలో, చూశాం. నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే మా మార్పు కలుపుకోండి అనే వినతులు, పంపితే టీషర్టు అన్నారు. రీడ్‌మీ అనే పరిచయ ఫైలులో ఒక మాట అటూఇటూ మార్చిన రిక్వెస్టులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ప్రాజెక్టులు చూసుకునే మెయింటైనర్లు గగ్గోలు పెడితే, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే లెక్క అని కొద్దిరోజుల్లోనే నిబంధన మార్చారు.

నా అసలు భయం అది కాదు. మేం లినక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌కి తెలుగు చేసే రోజుల్లో మార్పుల చరిత్ర దాచే గిట్ లేదు, గ్నోమ్ దానికి మారింది 2009లో. మేం అప్పుడు వాడిన సీవీఎస్ అనే పాత పద్ధతిలో ఫైలు ఎక్కించినవాళ్ళ పేరే నమోదయ్యేది. రాసిందెవరో దానికి పట్టదు. అనువాదాలు ఉండే పీవో ఫైలు మొదట్లో ఉండే చివరి అనువాదకుడి వరసలోనూ, కొత్తవాళ్ళు చేయిపెడితే పాత పేరు పోతుంది.

మా గుంపులో ఒక తెలుగు మాస్టారు ఉండేవారు. కంప్యూటర్ ఆయనకి అలవాటు లేదు. మేం పంపిన వాక్యాలు ప్రింటు తీయించుకుని, ఎర్రపెన్నుతో దిద్ది, పోస్టులో పంపేవారు. మెనూల్లోని తెలుగు మనుషులు మాట్లాడే తెలుగులా ఉందంటే ఆయన చలవే. దిద్దినవి ఇంకొకరు టైపు చేసేవారు, మరొకరు ఎక్కించేవారు. రిలీజు ముందు, సమన్వయం చూసే అతను అబౌట్ విండోలో అనువాదకుల పేర్లు చేర్చాడు. ఎవరు ఎక్కించారో చూపే లాగ్ చూసి చేర్చాడు. లాగ్‌లో మాస్టారు లేరు, విండోలోనూ లేరు.

మనవడికి చూపిద్దామని ఆయన ఆ విండో తెరిచారట. ఆ సంగతి మాకు చాలా రోజులకు తెలిసింది. ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. తర్వాతి కాగితాలు పంపితే, "కళ్ళు సరిగ్గా ఆనడం లేదమ్మా" అన్నారు. ఆపైన జవాబే లేదు. తర్వాతి వెర్షన్‌లో పేరు చేర్చారు, ఆయన మాత్రం తిరిగి రాలేదు. గొడవపడేవాళ్ళతో నాకు బెంగ లేదు తల్లీ, ఉండాలనే గొడవపడతారు. చప్పుడు లేకుండా వెళ్ళిపోయేవాళ్ళ గురించే నా దిగులంతా.

మాకు లేని సదుపాయాలు నీకున్నాయి కదా! గిట్‌లో రాసినవాళ్ళ పేరూ ఎక్కించినవాళ్ళ పేరూ వేరువేరుగా ఉంటాయి. ఇద్దరు కలిసి రాస్తే కో-ఆథర్డ్-బై అని చేర్చవచ్చు. లినక్స్ కెర్నెల్‌లో తప్పు చూపినవాళ్ళకి రిపోర్టెడ్-బై, పరీక్షించినవాళ్ళకి టెస్టెడ్-బై అని కమిట్‌లోనే రాస్తారు. లినక్స్‌ని అందరికీ పంచే డెబియన్ వాళ్ళు 2010లో ఓటు పెట్టుకుని, ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) చేయనివాళ్ళనీ సభ్యులుగా తీసుకున్నారు. ఇవన్నీ తెలిసిన పిల్లవి, కమిట్ల లెక్క ఒక్కటీ పట్టుకుని కూర్చుంటావా?

కోప్పడుతున్నానని అనుకోకు. చిన్నప్పుడు బొమ్మలకొలువు మెట్లకి ఇటుకలు మోసిన పక్కింటి పిల్లాడికి పేరంటం శనగలు ఇవ్వలేదని ఏడ్చి గోలపెట్టావే, ఆ సింధూ ఈ పని చేస్తే చాలు నాకు.

లాగ్ పక్కనపెట్టి, డాక్యుమెంటేషన్ రాసిందెవరు, కొత్తవాళ్ళ సందేహాలు తీర్చిందెవరు, బగ్‌లు వడపోసిందెవరు అని నలుగురినీ అడుగు. ప్రతివాళ్ళకీ వాళ్ళు చేసిన పని పేరుపెట్టి రాయి, ఉత్త థాంక్స్ వద్దు. మనవాళ్ళు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక పెడతారు, పెళ్ళయ్యాక మారుస్తారు. ఒకే మనిషి లాగ్‌లో ఇద్దరవుతారు. మెయిల్‌మ్యాప్ ఫైలులో అవి కలుపు.

జాబితా పూర్తికాగానే నాకు పంపు. తెలుగు పేర్లలో అచ్చుతప్పులుంటే దిద్దిపెడతాను.

మీ పెద్దమ్మ