తల తుంచగానే పిలకలెందుకు?

ప్రశ్న: పొగాకులో తల తుంచిన వారానికే ఆకు మొదళ్లలో పిలకలు లేస్తున్నాయి. హార్మోను తగ్గడం వల్లేనా?
– ఒక రైతు, పొదిలి

జవాబు: హార్మోను ఒక్కటే కాదండీ, మొదట కదిలేది చక్కెర. తలలో (మొక్క పైకొనలో) తయారై పిలకలను అణచి ఉంచే హార్మోను ఆక్సిన్ గంటకు సుమారు ఒక సెంటీమీటరే దిగుతుంది. చక్కెర అదే గంటలో మీటరుకు పైగా పోగలదు. తల తుంచితే దానికి చేరాల్సిన చక్కెర (సుక్రోజు) కింది మొగ్గలకు మళ్లుతుంది. ఆక్సిన్ తగ్గకముందే మొగ్గలు కదలడాన్ని బఠాణీ మొక్కల్లో 2014లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చూపారు. అక్కడ చక్కెర ఆహారమే కాదు, కబురు కూడా. సుక్రోజు పెరిగితే మొగ్గలో ట్రెహలోజ్-6-ఫాస్ఫేట్ అనే సంకేత పదార్థం పెరుగుతుంది. అదే మొగ్గను నిద్ర లేపేది.

అందుకే ఆలస్యం పనికిరాదు. పూమొగ్గ దశలో తల తుంచి, అంగుళం దాటిన పిలకలను చేత్తో తీసేసి, 24 గంటల్లోపు పిలకలను అణచే డెకనాల్ మందు (లీటరు నీటికి 40 మి.లీ.) మొక్కకు 10–15 మి.లీ. చొప్పున పైనుంచి కాండం వెంట జారేలా పోయండి. ఇది తాకిన మొగ్గనే మాడుస్తుంది. వంగిన మొక్కల్లో మందు ఒకవైపే జారుతుంది, రెండోవైపు పిలకలు మిగులుతాయి. ముందు మొక్కను నిలబెట్టండి. మోతాదు పెంచితే లేత ఆకు మాడుతుంది. వదిలేస్తే మాత్రం పై ఆకు బరువు, నాణ్యత రెండూ పిలకల పాలే.