షెవెల్ వెనక 295 పడుతుందా? చార్టు మూసి టేపు తీయండి

71 మాలిబు (షెవర్లే వాళ్ల పాత అమెరికన్ కారు షెవెల్‌లో ఒక రకం) కొన్నాను, వెనక టైర్లు సన్నగా ఉండి బండికి నప్పడం లేదు, బాడీ కోయకుండా 295 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పడుతుందా అని మీ ప్రశ్న. "నాకు పట్టింది, మీకూ పడుతుంది, వేసెయ్యండి" అనేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. వాళ్ల మాట వినకండి. ఈ బండ్లు కాన్సాస్ సిటీలోనూ, బాల్టిమోర్‌లోనూ, ఇంకా కొన్ని చోట్లా తయారయ్యాయి. లైను మీంచి దిగిన రోజే ఏ రెండూ ఒక్కలా లేవు. ఆ తర్వాత యాభై ఏళ్లలో ఎన్ని గుద్దుకున్నాయో, ఎవరెవరు అతుకులేశారో ఆ దేవుడికే ఎరుక.

నాది 1970 మాలిబు, 350 ఇంజిను. ఎస్‌ఎస్ (స్పోర్ట్ రకం) కాదు. ఎస్‌ఎస్ 454లో ఎల్‌ఎస్6 ఇంజిను ఉన్నదాని ధర వింటే ఈఎంఐలు కట్టుకునేవాడెవడూ దాని జోలికి పోడు. తమాషా ఏమిటంటే 450 హార్స్‌పవర్ ఉన్న ఆ బండికి కూడా కంపెనీ ఇచ్చింది 14 అంగుళాల రిమ్ముల మీద ఎఫ్70 టైర్లే. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే దాదాపు 225. కాబట్టి మీకు సన్నగా కనిపించడంలో వింతేమీ లేదు, నిజంగానే సన్నవి.

అందరూ టైరు నంబరు దగ్గర మొదలెడతారు. అసలు కథంతా రిమ్ములో ఉంటుంది. 8 అంగుళాల వెడల్పు రిమ్ము అంటారు గానీ ఈ అంచు నుంచి ఆ అంచుకి కొలిస్తే 9 వస్తుంది. దానికి బ్యాక్‌స్పేసింగ్ (రిమ్ము లోపలి అంచు నుంచి బోల్టులు పట్టే మొహం దాకా దూరం) 4.5 ఉంటే సరిగ్గా సగం లోపలికి, సగం బయటికి. దాని మీద 275/60ఆర్15 ఎక్కిస్తే టైరు పొట్ట దగ్గర 11 అంగుళాలు. అంటే బ్రేక్ డ్రమ్ము మొహం నుంచి లోపలికి ఐదున్నర, బయటికి ఐదున్నర. ఆ చోటు మీ బండిలో ఉందా లేదా, అదీ ప్రశ్న. దానికి టైరు సైజుల చార్టు జవాబు చెప్పలేదు.

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ల పైన లారీలకి టింకరింగ్ చేశారు. మిషిగన్‌లో మా ఇంటికి వచ్చిన వేసవిలో టీవీ చూడలేక, ఆ ఖాళీ వీధుల్లో నడవలేక, గరాజులో కుర్చీ వేసుకు కూర్చునేవారు. వెనక చక్రాలు విప్పుతున్నానని తెలియగానే లుంగీ మడిచి దిగిపోయారు. స్టాండ్లు ఫ్రేము కింద పెట్టనివ్వలేదు. "హౌసింగ్ (వెనక ఇరుసు గొట్టం) కింద పెట్టరా, బరువు స్ప్రింగుల మీదుండాలి. వేలాడుతున్న హౌసింగ్‌కి కొలతేంటి?" అన్నారు. లక్షల వ్యూలున్న వీడియోల్లో కూడా ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

దారానికి ఒక నట్టు కట్టి ఫెండర్ లిప్పు (చక్రం మీది రేకు అంచు) మీంచి వేలాడదీశారు. డ్రమ్ము మొహానికి చెక్క స్కేలు ఆనించి దారం దాకా బయటి కొలత, ఇటు ఫ్రేము దాకా లోపలి కొలత తీసి గరాజు నేల మీద సుద్దతో రాశారు. ఎడమ: లోపల 6¼, బయట 5½. కుడి: లోపల 5⅞, బయట 5⅞. కూడితే రెండు వైపులా 11¾. అంటే హౌసింగ్ మొత్తం ఎడమకి దాదాపు 5 మిల్లీమీటర్లు జరిగి ఉంది. ఒక్క వైపే కొలిచి రిమ్ములు ఆర్డర్ చేసేవాళ్ల పని ఏమవుతుందో ఊహించుకోండి.

"లారీలో కమాన్ కట్టల సెంటర్ బోల్ట్ తెగితే ఇలా జరుగుతుంది. దీనికి కమానే లేదుగా?" అంటూ కిందికి దూరారు. షెవెల్‌కి వెనక కాయిల్ స్ప్రింగులు. హౌసింగ్ పక్కకి పోకుండా పట్టి ఉంచేవి పైన ఏటవాలుగా ఉండే రెండు ఆర్ములు, వాటి చివర్ల రబ్బరు బుష్‌లు. ఇనప రాడ్డు దూర్చి ఎత్తితే ఆర్ము కదలడం కంటికి తెలుస్తోంది, రబ్బరు పగిలి పొడి రాలుతోంది. నిలబెట్టిన బండిలో ఎంత చోటున్నా, ఇలాంటి బుష్‌లతో మలుపు తిరిగితే టైరు వెళ్లి ఫ్రేముకి రాసుకుంటుంది. ముందు బుష్‌లు మార్చాం. హౌసింగ్ మాత్రం ఎడమ వైపే ఉంది, అది ఆ బండి పుట్టుక.

అంటే పైన చెప్పిన 275 ఎక్కిస్తే ఎడమ వైపు లోపల ముప్పావు అంగుళం ఖాళీ, బయట సున్నా. లిప్పు మడవాల్సిందే. మా మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, రేకు తుప్పు పడుతుంది, కాబట్టి ఇక్కడి పాత బండ్ల క్వార్టర్ ప్యానెళ్లలో (వెనక పక్క రేకుల్లో) రేకు ఎంతో, లప్పం ఎంతో పైకి తెలియదు. నాన్న లోపలికెళ్లి ఫ్రిజ్ మీదున్న తిరుపతి వెంకన్న మాగ్నెట్ తెచ్చారు. పెయింటు గీసుకోకుండా మెత్తటి గుడ్డలో చుట్టి ప్యానెల్ మీద జరుపుకుంటూ వెళ్లారు. కుడి వైపంతా టక్కుటక్కున అతుక్కుంది. ఎడమ వైపు చక్రం వెనకాల, కింద, జానెడు మేర జారిపోయింది. వేలి కణుపుతో రెండు సార్లు కొట్టి, "మందంగా పెట్టాడు, వెధవ" అన్నారు. నాకు అమ్మినాయన రేకుకి ఎక్కడా మరమ్మతు లేదని ఒట్టేసినంత పని చేశాడు లెండి. లప్పం ఉన్న చోట మడిస్తే పెచ్చులూడి వస్తుంది. అదృష్టవశాత్తు టైరు తగిలేది పైభాగంలో. గడియారంలో పది గంటల దగ్గర నుంచి రెండు గంటల దగ్గర దాకా మాత్రమే, హీట్ గన్‌తో పెయింటు వేడి చేస్తూ, చెక్క దిమ్మ అడ్డం పెట్టి, చిన్న సుత్తితో కొంచెం కొంచెంగా పైకి మడిచారు. ఒక్క చోట కూడా పగుళ్లు లేవు. దాదాపు 10 మిల్లీమీటర్లు కలిసొచ్చింది. దేవుడి మాగ్నెట్‌ని బండికేసి రుద్దారని అమ్మ ఆ సాయంత్రమంతా మా ఇద్దరితో మాట్లాడలేదు, అది వేరే సంగతి.

చక్రాలు ఎక్కించాక, టైరు ఎక్కడైనా తగులుతుందేమో తెలియడానికి మిగిలిపోయిన పూరీ పిండి ముద్దలు చేసి లిప్పు లోపలా, ఫ్రేము మీదా అంటించాం. డ్రైవ్‌వే అంచుని ఏటవాలుగా ఎక్కించాలి, ఒక చక్రం ముందు ఎక్కేలా. అప్పుడే హౌసింగ్ బాగా వంగుతుంది. దిగి చూస్తే ఎడమ లిప్పు కింది ముద్ద కాస్త నొక్కుకుంది గానీ తెగలేదు. చాలు.

ఇక మీరు అడగని విషయాలు. స్పేసర్లు (రిమ్ముని బయటికి జరిపే బిళ్లలు) పెట్టి సర్దుకుందాం అనుకోకండి. ఈ బండ్లకి 7/16 అంగుళాల స్టడ్లు (చక్రం బిగించే బోల్టులు), మందపాటి స్పేసర్ పెడితే నట్టు పట్టడానికి మర మిగలదు. టైరు షాపులో గాలి గన్నుతో నట్లు బిగించనివ్వకండి, బిగింపు కొలిచే టార్క్ రెంచ్ మీ సొంతది తీసుకెళ్లండి. మా దగ్గరలో ఒక పెద్ద షాపు వాళ్లు "ఇది ఫ్యాక్టరీ సైజు కాదు, కంప్యూటర్ ఒప్పుకోదు" అని వెనక్కి పంపారు. 1970 నాటి బండికి కంప్యూటర్ అనుమతేంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. విడి చక్రాలు పట్టుకెళితే నోరెత్తకుండా ఎక్కించారు. ఎవరైనా "కొత్త టైర్లండీ" అని బండితో పాటు అంటగడితే పక్క గోడ మీద డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 3109 అంటే 2009లో 31వ వారం. గాట్లు నిండుగా ఉన్నా ఆ రబ్బరు పనికిరాదు.

275/60 ఎత్తు 28 అంగుళాలు. పాతవాటికన్నా అంగుళంన్నర ఎక్కువ. స్పీడోమీటర్ 60 మైళ్లు చూపిస్తే మీరు నిజానికి 63 దాటి పోతుంటారు. పోలీసు ఈ వివరణ వినడు.

పట్టు సంగతి కూడా చెప్పేస్తా. టైరు వెడల్పయినంత మాత్రాన నేలకి ఆనే చోటు అంతగా పెరగదు. అదే గాలి, అదే బరువు అయితే ఆ మచ్చ పొడుగు తగ్గి అడ్డంగా సాగుతుంది, అంతే. వానలో నీళ్ల మీద తేలడం మాత్రం ఎక్కువవుతుంది. మాలిబుల్లో చాలావాటికి ఓపెన్ డిఫరెన్షియల్ ఉంటుంది, అంటే ఏ చక్రం జారితే ఇంజిను బలం దానికే పోతుంది. దాంతో మీరు 275 వేసినా 335 వేసినా పొగ వచ్చేది ఒక్క చక్రం నుంచే. ఆగస్టులో మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర జరిగే పాత బండ్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి రండి, వెనక రోడ్డు రోలర్లంత టైర్లు వేసుకుని ఒంటి చక్రం కాల్చేవాళ్లు వరసగా కనిపిస్తారు. మీది ఏ రకమో తెలియాలంటే వెనక రెండు చక్రాలూ పైకి లేపి, ముందు చక్రాలకి అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఒకదాన్ని చేత్తో తిప్పండి. రెండోది అదే వైపు తిరిగితే పోజిట్రాక్షన్ (రెండు చక్రాలకీ బలం పంచే రకం). ఎదురు తిరిగితే ఓపెన్. డబ్బు ముందు అక్కడ పెట్టండి, టైర్లు వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. మనవాళ్లు ఎలాగూ "మైలేజ్ ఎంత?" అని తప్ప ఇంకేం అడగరు.

295 సంగతి. 295 మిల్లీమీటర్లంటే 11.6 అంగుళాలు. నా బండిలో ఉన్న చోటు 11¾. లిప్పు మడిచినా రెండు వైపులా కలిపి మిగిలేది అర అంగుళం, అదీ బండి నిలబడి ఉన్నప్పుడు. లోపలి టబ్బులు (చక్రాన్ని లోపలి వైపు కప్పి ఉంచే రేకులు) కోయనంటే నేను వేయను. మీ 71 కొలతలు తీసి పెట్టండి, లెక్క చూసి చెబుతాను. ఎడమ, కుడి విడివిడిగా రాయండి, పాత రిమ్ము బ్యాక్‌స్పేసింగ్ కూడా.