సూర్యుడు కనపడని ఊళ్లో నిద్ర పట్టడం లేదు.. లైట్ ల్యాంప్ పెట్టుకున్నా ఫలితం లేదెందుకు?

ప్రశ్న: నా వయసు 28. పీహెచ్‌డీ కోసం ఆగస్టులో నార్వేలోని ట్రోమ్సో వచ్చాను. నవంబరు చివరి నుంచి ఇక్కడ సూర్యుడే కనపడటం లేదు. రాత్రి 2 దాటితే గానీ నిద్ర పట్టదు, పొద్దున 10 దాకా లేవలేను. పగలంతా మగత. అన్నం, స్వీట్లు ఎక్కువ తింటూ 4 కిలోలు పెరిగాను. రెండు వారాలుగా రాత్రి చదువుకునేటప్పుడు లైట్ థెరపీ ల్యాంప్ పెట్టుకుంటున్నా లాభం లేదు. అమ్మ 60 వేల యూనిట్ల విటమిన్ డి సాచెట్లు పంపింది. రోజూ వేసుకోవచ్చా? నేను శాకాహారిని.
- ఒక పాఠకురాలు

జవాబు: లోపం ల్యాంప్‌లో కాదు, మీరు దాన్ని పెట్టుకునే వేళలో ఉంది. చాలామందిలో శరీర గడియారం 24 గంటల కంటే కాస్త నెమ్మదిగా నడుస్తుంది. రోజూ పొద్దుటి వెలుగు కంట్లో పడి దాన్ని సరిదిద్దుతుంది. జనవరి మధ్య దాకా మీ ఊళ్లో ఆ దిద్దుబాటు లేదు. దానికి తోడు రాత్రిపూట అంత వెలుగు ముందు కూర్చుంటే మెదడు ఇంకా పొద్దు గూకలేదనుకుంటుంది. నిద్ర మరింత ఆలస్యమవుతుంది.

ఇక నుంచి నిద్ర లేవగానే పెట్టుకోండి. 10,000 లక్స్ (వెలుగు తీవ్రతకు కొలమానం) అయితే 20-30 నిమిషాలు చాలు. 2,500 లక్స్ దానికి రెండు గంటలు పడుతుంది. డబ్బా మీద రాసిన లక్స్ ఎంత దూరానికో కూడా చూడండి. 30 సెంటీమీటర్లకు రాసి ఉంటే, 60 దగ్గర కూర్చున్నప్పుడు మీకు అందేది సుమారు నాలుగో వంతే. ల్యాంప్ కంటికి కొంచెం పైన, పక్కగా ఉండాలి. దాన్నే చూడక్కర్లేదు, కాఫీ తాగుతూ చదువుకోండి, కళ్లు తెరిచి ఉంటే చాలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రేపే 6కి అలారం పెట్టి ల్యాంప్ ముందు కూర్చోకండి. 10కి లేచే శరీరానికి 6 అంటే ఇంకా నడిరాత్రే. ఆ వేళ పడే వెలుగు నిద్ర వేళను ముందుకు జరపకపోగా ఇంకా ఆలస్యం చేస్తుంది. మొదట 9.30, రెండు రోజులకు 9, ఆపైన 8.30.. ఇలా అరగంట చొప్పున జరపండి. శని, ఆదివారాలకూ మినహాయింపు లేదు. ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. మధ్యాహ్నం 11-1 మధ్య ఆకాశంలో నీలి వెలుగు ఉంటుంది కదా, అప్పుడు బయట నడవండి. బూట్లకు ముళ్ల పట్టీలు మరవొద్దు, మంచు మీద జారి మణికట్టు విరిగితే అదో బాధ. రాత్రి 9 తర్వాత గదిలో దీపాలు తగ్గించండి.

రెటీనా జబ్బు ఉన్నా, డాక్సీసైక్లిన్ లాంటి, ఒంటికి వెలుగు పడకుండా చేసే మందులు వాడుతున్నా, మీకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ బైపోలార్ (దిగులు, అతి ఉత్సాహం మారిమారి వచ్చే మానసిక జబ్బు) ఉన్నా డాక్టర్‌ని అడగకుండా ల్యాంప్ వాడొద్దు. బైపోలార్ ఉన్నవాళ్లలో అది ఉన్మాదాన్ని రేపగలదు.

సాచెట్లు రోజూ వద్దే వద్దు. నార్వేలో పెద్దలకు రోజుకు సూచించేది 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు. ఒక్క సాచెట్ 150 రోజుల మోతాదు! రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, అతిదాహం, కిడ్నీల్లో రాళ్లు వస్తాయి. ముందు 25-హైడ్రాక్సీ విటమిన్ డి రక్త పరీక్ష చేయించండి. బాగా తక్కువుంటే వారానికొకటి చొప్పున ఎన్ని వారాలో డాక్టరే చెబుతారు. అక్కడివాళ్లు తాగే కాడ్ చేప లివర్ నూనె మీకు కుదరదు కాబట్టి లైకెన్ (రాళ్ల మీద, చెట్ల మీద నాచులా పెరిగేది) నుంచి తీసిన డి3 మాత్రలు అడగండి. ల్యాంప్ వెలుగుతో విటమిన్ డి రాదు, అది వేరు ఇది వేరు. అదే రక్తంతో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బి12 కూడా చూపించండి. శాకాహారుల్లో నీరసమంతా చీకటి మీదకు నెట్టేస్తే బి12 లోపం దాక్కుండిపోతుంది.

రెండు వారాలకు మించి దిగులు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం ఉంటే మీ ఫాస్ట్‌లేగెని (అక్కడ మీకు కేటాయించిన ఫ్యామిలీ డాక్టర్‌ని) కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆగకుండా 116117కి (అత్యవసర డాక్టర్ సేవ), ప్రాణాపాయమైతే 113కి (అంబులెన్స్) ఫోన్ చేయండి.

మే మూడో వారం నుంచి మీ సమస్య తలకిందులవుతుంది, అర్ధరాత్రీ ఎండే. ఇప్పుడే కిటికీ కొలతలు తీసి, చట్రం కంటే రెండు పక్కలా పది సెంటీమీటర్లు ఎక్కువుండే నల్ల కర్టెన్లు తెచ్చుకోండి. వెలుగు దూరేది ఆ సందుల్లోంచే.