ఏటేటా మారే కారు మీద రాస్తున్న అబ్బాయికి

చిరంజీవికి తిరుపతి నుంచి ఆశీస్సులు.

నాయనా, నీ బీఎండబ్ల్యూ వ్యాసం చదివాను. మొదట 1 సిరీస్‌గా, తర్వాత 2 సిరీస్‌గా వచ్చిన రెండు డోర్ల చిన్న కూపే, పైకప్పు తెరుచుకునే దాని జోడీ కన్వర్టిబుల్, 2008 నుంచి ఏ ఏడు ఏం మారిందో వరుసగా రాశావు. పడిన శ్రమ కనిపిస్తోంది. కానీ కొత్త రంగుకు రెండు వాక్యాలు, కొత్త ఇంజనుకూ రెండే వాక్యాలా? నా పేచీ అక్కడే.

చిత్తూరులోనో పీలేరులోనో కూర్చుని నీ వ్యాసం చదివేవాడు ఈ కారు కొనబోడు. కొనేవాడికైతే పట్టీ చాలు, బ్రోచర్‌లోనే దొరుకుతుంది. కొననివాడు ఎందుకు చదువుతాడు? కంపెనీ ఆ మార్పు ఎందుకు చేసింది, చేశాక బండి నడకలో ఏం తేడా వచ్చింది అని తెలుసుకోవడానికి. అది చెప్పకపోతే రెండో పేరాలోనే లేచి పోతాడు.

2011 అమెరికా మోడల్ 135ఐ, అదే 1 సిరీస్‌లోది, దాని సంగతి చూడు. ‘పవర్‌లో మార్పు లేదు, 300 హార్స్‌పవరే’ అని ఒక్క ముక్కలో దాటేశావు. అంకె మారని మాట నిజమే. బానెట్ కింద ఇంజనే మారిపోయింది కదయ్యా! అంతకుముందున్న ఎన్54 ఇంజనుకు రెండు టర్బోలు, అంటే పొగ తోపుతో తిరిగి ఇంజనులోకి గాలిని దట్టించే పంపులు. దాని చోట వచ్చిన ఎన్55కు టర్బో ఒక్కటే, కాకపోతే ట్విన్ స్క్రోల్. ఆరు సిలిండర్ల నుంచి వచ్చే పొగను మూడేసి సిలిండర్లకు ఒక దారి చొప్పున టర్బైన్ దాకా విడిగా తీసుకుపోతారు. ఒక సిలిండర్ వదిలిన పొగ ఇంకోదానికి అడ్డం తగలదు. దానికి వాల్వ్‌ట్రానిక్ తోడైంది. అంటే ఇంజనులోకి పోయే గాలిని ప్రధానంగా ఇన్‌టేక్ వాల్వులు ఎంత తెరుచుకోవాలన్న దాన్ని బట్టే అదుపు చేస్తారు. అదే లాగుడు ఇంజను ఇంకాస్త నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే, అంటే తక్కువ ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది, పెట్రోలు ఖర్చూ తగ్గుతుంది. ఆ ఏడే ఆరు గేర్ల ఆటోమేటిక్ పోయి రెండు క్లచ్‌లతో గేర్లు చకచకా మార్చే ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ వచ్చింది. నీ వ్యాసం మొత్తానికి గుండెకాయ ఈ పేరానే, అది కాస్తా మాయమైంది.

తక్కువ ఆర్‌పీఎం దగ్గర లాగుడంటే మనోళ్లకు విప్పి చెప్పక్కర్లేదు. అలిపిరి దాటి ఘాట్‌లో బస్సెక్కిన ప్రతివాడికీ ఒంటికి తెలిసిన సంగతే. మలుపులో వేగం పడిపోయాక బండి మళ్లీ ఎక్కడ అందుకుంటుందన్నదే ప్రశ్న. ఘాట్ రోడ్డును ఇలా వాడుకో. ‘టాప్ తీసి కొండెక్కుతుంటే స్వర్గమే’ అన్న నీ వాక్యం మాత్రం కొట్టేశాను. నడపని కారును నడిపినట్టు రాయకు, చదివేవాడు ఇట్టే పట్టేస్తాడు.

టాప్ గురించి రాయడానికి అసలు విషయం వేరే ఉంది. 2015 మోడల్‌గా వచ్చిన 2 సిరీస్ కన్వర్టిబుల్‌కు గుడ్డ టాపే పెట్టారు. 20 సెకన్లలో తెరుచుకుంటుంది, గంటకు 50 కిలోమీటర్ల వేగం దాకా నడుస్తుండగానే. మడిచే లోహపు టాపయితే బరువెక్కువ, డిక్కీలో చోటూ తినేస్తుంది. అసలు పైకప్పు కోసేశాక బాడీ బిగువు తగ్గుతుంది. దాన్ని నిలబెట్టడానికి కింద బలం పెంచాలి, అంతా కలిసి కూపే కంటే వంద కిలోలకు పైగా బరువు. ఇంత కథ ఉంటే నువ్వు టాప్ రంగులు రాశావు!

2017 మోడల్‌కు 2 సిరీస్‌లోని 228ఐ కాస్తా 230ఐ అయింది. దానికి నువ్వు పండగ చేశావు. 240 నుంచి 248 హార్స్‌పవర్, అంతకు అంత హడావిడి అక్కర్లేదు. ఇంజను కొత్తదేనని చెప్పి ముందుకెళ్లు. అదే వరసలో ఇంకా ఎక్కువ పవరున్న ఎం240ఐ దగ్గర మాత్రం ఆగు. అక్కడ బీ58 ఇంజను వచ్చింది, పవర్ 320 నుంచి 335 హార్స్‌పవర్‌కు పెరిగింది, టర్బో దట్టించే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ గాలితో కాక నీళ్లతో చల్లబడేదయింది. 2018 ఎల్‌ఈడీ హెడ్‌లైట్లకు ఒక్క వాక్యం చాలు.

సంవత్సరాలు జాగ్రత్త. మన దగ్గర ‘ఏ మోడలన్నా?’ అంటే బండి తయారైన ఏడు. అమెరికాలో మోడల్ ఇయర్ క్యాలెండర్ కంటే ముందు నడుస్తుంది, 2010లో తయారైన కారు 2011 మోడల్ కావచ్చు. నీ వ్యాసంలో ఈ రెండూ కలగాపులగమయ్యాయి. ఏ లెక్కన రాస్తున్నావో మొదట్లోనే చెప్పేయి.

ఇంకో పెద్ద చిక్కు. మన చెన్నై దగ్గరి ప్లాంటులో తయారయ్యే 2 సిరీస్ గ్రాన్ కూపేను కూడా ఈ వరసలోనే కలిపేశావు. పేరొకటే గానీ అది నాలుగు డోర్ల బండి, ముందు చక్రాలను తిప్పే ప్లాట్‌ఫామ్ మీద కట్టింది. నువ్వు రాస్తున్న రెండు డోర్లది వెనక చక్రాల బండి, జర్మనీలోని లైప్‌జిగ్‌లో తయారైంది. 2022 మోడల్ కూపే మెక్సికోకు తరలింది, కన్వర్టిబుల్ మాత్రం కొత్త తరంలో రానే లేదు. అది ఆగిపోవడం గురించి నీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేదేం?

గ్రాన్ కూపే పేరా తీసేసి, ఆ చోటు 2011కు ఇచ్చి, మళ్లీ పంపు. రంగుల పట్టిక నేను చదవను.