కాలు మూడోసారి బెణికింది, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు... మళ్లీ పరుగు ఎప్పుడు?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది పరకాల దగ్గర పల్లె. హన్మకొండలో రూమ్ తీసుకుని కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. తొమ్మిది రోజుల క్రితం పొద్దున్నే గ్రౌండ్‌లో ఉరుకుతుంటే గుంతలో పడి కుడి పాదం లోపలికి మడతపడింది. ఏడాదిలో ఇది మూడోసారి. ఆ రోజే ఉడుకు నీళ్ల కాపడం పెట్టి, ఫ్రెండ్ నూనెతో గట్టిగా మాలిష్ చేశాడు. సాయంత్రానికి బాగా ఉబ్బింది. మర్నాడు ఎక్స్‌రే తీస్తే ఎముక విరగలేదన్నారు, నొప్పి మాత్రలు రాశారు. ఇప్పుడు కుంటుతూ నడుస్తున్నాను. దెబ్బ తగిలింది చీలమండకైతే మడమ పక్కన, వేళ్ల దగ్గర నల్లగా అయింది, అదే టెన్షన్. ఊళ్లో నరం మీద నరం ఎక్కింది, లాగించాలి అంటున్నారు. ఎమ్మారై తీయించాలా? మాత్ర వేసుకుని ఉరకవచ్చా? నాన్న కంగారు పడతాడని మూడోసారి అయిందని ఇంట్లో చెప్పలేదు.
- ఓ పాఠకుడు, హన్మకొండ

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ నలుపు సంగతి చెప్తాను, మీ భయమంతా అక్కడే ఉన్నట్టుంది. పాదం మడతపడినప్పుడు చీలమండ బయటివైపు, చర్మం కింద సన్నని రక్తనాళాలు తెగి రక్తం కారుతుంది. మనం రోజంతా నిలబడుతూ, నడుస్తూ ఉంటాం కాబట్టి ఆ రక్తం నీళ్లు పల్లానికి పోయినట్టు మెల్లగా కిందికి దిగి మడమ పక్కన, వేళ్ల మొదట్లో చేరుతుంది. అందుకే దెబ్బ ఒకచోట, మచ్చ ఇంకోచోట. మొదట నల్లగా, నీలంగా ఉండి, తర్వాత ఆకుపచ్చకు, పసుపుకు తిరిగి, రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది. వేళ్లు చల్లబడటం, తిమ్మిరెక్కడం, పాలిపోవడం లేకపోతే ఈ నలుపుకు వేరే మందేమీ అక్కర్లేదు.

ఇక నరం మీద నరం ఎక్కడం. మన దగ్గర నరం అనే ఒక్క మాటతోనే రక్తనాళాన్ని, నాడిని, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడుని, ఎముకను ఇంకో ఎముకతో కలిపి కట్టే కట్టుని, అన్నిటినీ పిలిచేస్తాం, తికమకంతా అక్కడే మొదలవుతుంది. మీకు దెబ్బతిన్నది ఆఖరున చెప్పినది, లిగమెంట్. చీలమండ బయటివైపు అలాంటివి మూడు ఉంటాయి, పాదం లోపలికి తిరిగితే ముందువైపు ఉన్నదే సాధారణంగా మొదట దెబ్బతింటుంది. ఇంట్లో ఎడ్లుంటే పలుపుతాడు సంగతి మీకు తెలిసే ఉంటుంది. గట్టిగా గుంజినప్పుడు ఒక్కోసారి తాడు సాగి ఊరుకుంటుంది, ఒక్కోసారి కొన్ని పురులు తెగి మిగతావి పట్టుకుని ఉంటాయి, ఒక్కోసారి తాడే తెగిపోతుంది. మేము చీటీ మీద గ్రేడ్ 1, గ్రేడ్ 2, గ్రేడ్ 3 అని రాసేది ఇదే. ఇందులో ఒకదాని మీద ఇంకొకటి ఎక్కేదేమీ లేదు, లాగితే దిగేదీ లేదు. సగం తెగిన తాడును పట్టుకుని లాగితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. పెద్దవాళ్లు ప్రేమతోనే చెప్తారు, నేను కాదనను, కానీ ఆ కాలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఎక్స్‌రేలో ఏమీ లేదు అన్న మాట విని చాలామంది "అయితే ఏమీ కాలేదన్నమాట" అనుకుంటారు. మా ఓపీలో రోజూ చూసేదే ఇది. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక, లిగమెంట్ తెగినా సాగినా అందులో కనిపించదు. అసలు బెణికిన ప్రతి కాలికీ ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో దీనికి ఒక పద్ధతి చెప్పారు, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. చీలమండ చుట్టూ నొప్పి ఉండి, రెండు వైపులా పొడుచుకొచ్చినట్టుండే ఎముకల్లో దేన్నైనా కింది కొన దగ్గర గానీ, వెనక అంచు వెంబడి పైకి 6 సెంటీమీటర్ల మేర గానీ నొక్కితే నొప్పి పుట్టినా, దెబ్బ తగిలిన వెంటనే, తర్వాత డాక్టర్ ముందు కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. పాదం మధ్యలో నొప్పి ఉంటే చిటికెన వేలి వైపు బయటి అంచున ఉబ్బెత్తుగా తగిలే ఎముకనూ, లోపలి వైపు పాదం వంపు పైన ఉండే ఎముకనూ కూడా నొక్కి చూడాలి. మీకు ఎలాగూ తీశారు, విరగలేదు, ఆ భయం వదిలేయండి. ఎమ్మారై ఇప్పుడు వద్దు. కింద చెప్పినట్టు చేశాక కూడా ఆరేడు వారాలకు నొప్పి అలాగే ఉంటేనో, కీలు లోపల పట్టేసినట్టు అవుతుంటేనో, చదునైన నేల మీద కూడా కాలు జారిపోతుంటేనో అప్పుడు తీద్దాం. ఊరికే ఆ డబ్బు ఖర్చు పెట్టుకోవద్దు.

మొదటి రోజు ఉడుకు నీళ్లు, మాలిష్ అన్నారు. వాపు అంత పెరగడానికి అవి కూడా కారణమే. లోపల రక్తం కారుతున్నప్పుడు వేడి పెడితే రక్తనాళాలు ఇంకా విప్పారతాయి, రుద్దితే అప్పుడప్పుడే మూసుకుంటున్న చివరలు మళ్లీ తెరుచుకుంటాయి. మొదటి రెండు మూడు రోజులు వేడి, రుద్దుడు, పరుగు, మద్యం తాగడం, ఈ నాలుగూ వద్దు. సున్నం బెల్లం పట్టు వేసినా చర్మం పొక్కడమే తప్ప లోపలి లిగమెంట్‌కు అందేదేమీ లేదు, పైగా చర్మం పొక్కితే మేం కట్టు కట్టడానికి కూడా వీలుండదు. ఆ రోజుల్లో చేయాల్సింది చాలా మామూలు పని. కాలు మీద బరువు తగ్గించడం, పడుకున్నప్పుడు రెండు దిండ్లు పెట్టి పాదాన్ని గుండె కంటే ఎత్తులో ఉంచడం, క్రేప్ బ్యాండేజ్ వేళ్ల మొదలు నుంచి పిక్క కిందిదాకా కట్టడం. కింద కాస్త బిగువుగా, పైకి పోయేకొద్దీ కాస్త వదులుగా కట్టాలి, రాత్రి విప్పేయాలి, వేళ్లు తిమ్మిరెక్కితే వెంటనే విప్పాలి. ఐస్ గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి పెట్టొచ్చు, నేరుగా చర్మం మీద మాత్రం పెట్టొద్దు, చలికి కూడా చర్మం కాలుతుంది. ఐస్ గురించి ఒక మాట. విశ్రాంతి, ఐస్, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్, తర్వాత ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని తానే మాట మార్చుకున్నారు. కాబట్టి ఐస్‌ను మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి తగ్గించుకోవడానికి వాడుకోండి, వారాల తరబడి పెడుతూ కూర్చోకండి.

మీకు తొమ్మిది రోజులు దాటాయి, అదంతా అయిపోయింది. ఇప్పుడు నన్ను అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది, మీరు అడగలేదు: మూడోసారి ఎందుకు బెణికింది? గ్రౌండ్‌లో గుంత ఉంది, నిజమే, కానీ అదే గ్రౌండ్‌లో మీతోపాటు ఇంకెంతోమంది ఉరుకుతున్నారు. లిగమెంట్ ఉత్త తాడు కాదు, దాంట్లో పాదం ఏ వంపులో ఉందో క్షణక్షణం మెదడుకు చెప్పే సన్నని నాడులు కూడా ఉంటాయి. పాదం పక్కకు ఒరగడం మొదలవగానే ఆ కబురు అంది, పిక్క బయటివైపు కండరాలు బిగుసుకుని పాదాన్ని వెనక్కి లాగుతాయి, మనకు తెలియకుండానే పడకుండా నిలదొక్కుకుంటాం. ఒకసారి బెణికినప్పుడు తాడుతో పాటు ఆ కబురు వ్యవస్థ కూడా దెబ్బతింటుంది. నొప్పి పదిరోజుల్లో పోతుంది, మీరు మళ్లీ ట్రాక్ ఎక్కుతారు, కానీ కబురు ఇంకా ఆలస్యంగానే అందుతోంది, కాబట్టి చిన్న గుంతకే కాలు పోతుంది. మొదటి రెండుసార్లు మీరు నొప్పి తగ్గేవరకే ఆగి ఉంటారు, నాకు నమ్మకంగా అనిపిస్తోంది. ఆ తర్వాతి పని ఎవరూ చెప్పి ఉండరు, నొప్పి మాత్రల చీటీలో అది రాయరు కూడా, నాకు బాధ కలిగించేది అదే.

ఆ పని ఇది. రోజుకు రెండుమూడుసార్లు కాలు చాపి కూర్చుని, గాలిలో బొటనవేలితో అ ఆ ఇ ఈ నుంచి ఱ దాకా అక్షరాలు రాయండి, పాదం అన్ని వైపులా తిరుగుతుంది, కొద్దిగా నొప్పి ఉంటే పర్లేదు, చురుక్కుమంటే ఆపండి. రెండు మూడు రోజులకు అది తేలికైతే, పాత సైకిల్ ట్యూబ్ ముక్క మంచం కాలికి కట్టి పాదానికి వేసుకుని, పాదాన్ని బయటివైపుకు నెట్టడం, ఒక్కోసారి 15 చొప్పున మూడు విడతలు. గోడ పట్టుకుని రెండు కాళ్ల మునివేళ్ల మీద లేవడం, అది కుదిరాక దెబ్బ తగిలిన ఒక్క కాలి మీద. అన్నిటికంటే ముఖ్యమైనది ఒంటికాలి మీద నిలబడటం. పొద్దున పళ్లు తోముకునేటప్పుడు కుడికాలి మీద 30 సెకన్లు నిలబడండి. అది అలవాటయ్యాక కళ్లు మూసుకుని, ఆ తర్వాత దిండు మీద నిలబడి. కళ్లు మూయగానే ఎడమకాలికి, కుడికాలికి ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది, ఆ తేడా పోయేదాకా మీ కాలు మానలేదన్నట్టే లెక్క. నొప్పి పోయినా దీన్ని కనీసం రెండు నెలలు వదలొద్దు. ఒకసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుంటే మంచిది. ప్రైవేటులో ఫీజు భారమైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆర్థో (ఎముకల) ఓపీకి వెళ్లి అడగండి.

పరుగు విషయం. స్వల్పంగా సాగితే ఒకటి రెండు వారాలు, కొంత తెగితే మూడు నుంచి ఆరు వారాలు, పూర్తిగా తెగితే రెండు మూడు నెలలు పడుతుంది. మీరు చెప్పిన వాపు, నలుపు, తొమ్మిదో రోజుకూ కుంటడం చూస్తే మధ్యరకం అనిపిస్తోంది, చేత్తో పట్టి చూడకుండా అంతకంటే గట్టిగా చెప్పను. క్యాలెండర్ కంటే కాలిని అడగడం మేలు. కుంటకుండా వేగంగా అరగంట నడవగలగాలి, దెబ్బకాలి మునివేళ్ల మీద మంచి కాలితో సమానంగా 20, 25 సార్లు లేవగలగాలి, ఒంటికాలితో పది గెంతులు భయం లేకుండా వేయగలగాలి. ఈ మూడూ అయ్యాకే చదునుగా ఉన్న చోట నిదానంగా, నేరుగా ఉరకండి, వారం తర్వాత మలుపులు, ఆ తర్వాత స్పీడు, లాంగ్ జంప్ అన్నిటికంటే చివర. అప్పటిదాకా ఊపిరి తగ్గకుండా సైకిల్ తొక్కొచ్చు. మళ్లీ మొదలుపెట్టాక ఆరు నెలలైనా ఉరికేటప్పుడు తాళ్లతో బిగించే యాంకిల్ బ్రేస్ వేసుకోండి, మళ్లీ బెణకడాన్ని అది బాగా తగ్గిస్తుంది.

మాత్ర వేసుకుని ఉరకడం మాత్రం అస్సలు వద్దు. నొప్పి అనేది ఆగమని చెప్పే కబురు, మాత్ర ఆ కబురును నొక్కేస్తుంది, లిగమెంట్ మాత్రం తెగుతూనే ఉంటుంది. నొప్పికి పారాసెటమాల్ 650, తిన్నాక, రోజుకు మూడుకు మించకుండా, కొన్నాళ్లు చాలు, పైన డైక్లోఫెనాక్ జెల్ మెల్లగా రాసుకోవచ్చు, రుద్దొద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు ప్రమాదం. వానాకాలంలో కాలునొప్పితో పాటు జ్వరం కూడా ఉంటే అవి అసలు ముట్టొద్దు, డెంగీ అయితే రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది.

మీ రూమ్‌లో ఇంకో ముగ్గురు నలుగురు ప్రిపేర్ అవుతూ ఉంటారు కదా, వాళ్లకూ పనికొస్తుందని చెప్తున్నా. స్పీడుగా ఉరుకుతుంటే తొడ వెనక పట్టుమని పట్టేసి, ఇక అడుగు పడకపోతే అది కండరం చీలడం. మొదటి రోజుల్లో దాన్ని కూడా బలంగా సాగదీయకూడదు. కబడ్డీలో మోకాలు తగిలి తొడ ముందు కండరం కమిలి గట్టిపడితే అక్కడ మాలిష్ చేయించుకోవద్దు, లోపల గడ్డకట్టిన రక్తంలో ఎముకలాంటి గట్టి పదార్థం పేరుకునే ప్రమాదం ఉంటుంది, అది నెలల తరబడి ఇబ్బంది పెడుతుంది. ఎవరో వెనక నుంచి మడమ పైన తన్నినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే, ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే మడమ పైనుండే లావాటి తాడు తెగిందేమో అని అనుమానించాలి. బోర్లా పడుకోబెట్టి పిక్క పిసికితే పాదం కదలాలి, కదలకపోతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దీన్ని బెణుకనుకుని నెలరోజులు కాపడం పెట్టుకుని వచ్చినవాళ్లను చూశాను, అప్పుడు వైద్యం కష్టమవుతుంది.

ఆకారం వంకరగా మారినా, పాదం మొద్దుబారినా, దెబ్బ తగిలిన చోట రోజురోజుకూ ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, పిక్క కొత్తగా ఉబ్బి నొక్కితే నొప్పి వస్తున్నా ఆగొద్దు, వెంటనే చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చిన్న బెణుకైనా సరే ఇంటి వైద్యం వద్దు, పాదంలో స్పర్శ తగ్గినవాళ్లకు కాపడం పెడితే కాలిన సంగతి కూడా తెలియదు.

ఇంట్లో చెప్పలేదని రాశారు. చెప్పండి. ఊరికి వెళ్లినప్పుడు నాన్న మిమ్మల్ని లాగించడానికి తీసుకెళ్తానంటే, ఈ సమాధానం చదివి వినిపించి, ఆ సాయంత్రం ఆయన ముందే ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడి చూపించండి.