కెమెరా మీది వైర్‌లెస్ మైకు రిసీవర్‌ను సెల్లులు కొనకుండా నడపడం ఎలా?

మీ రిసీవర్ రెండు డబుల్ ఏ సెల్లులతో నడుస్తుందనీ, పెళ్లి పెళ్లికీ ఒక ప్యాకెట్ చెత్తబుట్టలో పడుతోందనీ రాశారు. నేనూ పెళ్లి వీడియోలే తీస్తాను. ఈ ఖర్చు తప్పించుకోవాలని వేసిన వేషాలు చాలానే ఉన్నాయి. వాటిలో పనికిరానివి ముందు చెబుతాను.

మొదట పవర్ బ్యాంకును నమ్ముకున్నాను. సెల్లు ఆకారంలో ఉండే డమ్మీ, దానికొక వైరు, 5 వోల్టులను 3 వోల్టులకు దించే చిన్న బోర్డు. ఇంట్లో రెండు గంటలు పరీక్షించాను, బ్రహ్మాండంగా నడిచింది. కోనసీమలో తెల్లవారుజాము ముహూర్తం ఒకటి వస్తే అదే పట్టుకెళ్లాను. పురోహితుడి కండువాకు మైకు తగిలించాను. జీలకర్ర బెల్లం వేళకు చూస్తే రిసీవర్ దీపం ఆరిపోయి ఉంది. వీడియోలో గట్టిమేళం హోరెత్తింది తప్ప ఒక్క మంత్రం వినపడలేదు. "మంత్రాలేవి బాబూ?" అని పెళ్లికూతురి తాతగారు అడిగితే నోట మాట రాలేదు.

తప్పు ఎక్కడంటే, రిసీవర్ లాగే కరెంటు చాలా తక్కువ. అంత తక్కువ లాగితే ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి. ఇంట్లో పరీక్షించినప్పుడు పక్క రంధ్రంలో నా ఫోను కూడా ఛార్జ్ అవుతోంది, అందుకే ఆగలేదు! తక్కువ కరెంటుకు కూడా ఆగని మోడల్ ఉంటుంది, కొంటే అలాంటిదే కొనండి.

తరువాత కెమెరా బ్యాటరీ నుంచే వైరు లాగాను. ఈసారి హెడ్‌ఫోనులో సన్నగా ఈలలాంటి మోత. రిసీవర్‌లో మామూలు సెల్లులు వేస్తే పోయేది, వైరు పెడితే మళ్లీ వచ్చేది. వోల్టేజి దించే బోర్డు పుట్టించే రొద, కెమెరాకూ రిసీవర్‌కూ ఉమ్మడిగా ఉన్న మైనస్ తీగ గుండా ఆడియోలో కలిసిపోతోందన్నమాట. రిసీవర్‌కు విడిగా ఒక బ్యాటరీ ఇచ్చాక ఈల ఆగింది. కానీ భుజాన అంత తీగల చిక్కు మోస్తూ మండపం చుట్టూ తిరగడం నా వల్ల కాలేదు.

ఇప్పుడు వాడేవి రీఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు, అంతే. ఎలాగూ అవతలి వ్యక్తి నడుముకు ఉండి, మైకు శబ్దాన్ని రిసీవర్‌కు పంపే ట్రాన్స్‌మిటర్‌కు వైరు లాగలేం కదా, దానికీ ఇవే సరిపోతాయి. ఎనెలూప్ బ్రాండులాంటి, వాడకపోయినా తొందరగా ఛార్జి దిగిపోని రకం తీసుకోండి. ఇవి మామూలు సెల్లుల్లా 1.5 కాదు, 1.2 వోల్టుల సెల్లులు. చాలా రిసీవర్లకు ఇబ్బంది ఉండదు గానీ, తెర మీది బ్యాటరీ గుర్తు మోసం చేస్తుంది: కొత్తగా ఛార్జి చేసినా నిండుగా చూపించకపోవచ్చు, చివర్లో మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది. కొన్ని రిసీవర్లలో సెల్లు రకం ఎంచుకునే సెట్టింగు ఉంటుంది, వెతకండి. నేనైతే గుర్తును పట్టించుకోను. ముహూర్తానికి అరగంట ముందు, సెల్లులు ఎలా ఉన్నా సరే, మార్చేస్తాను.

ఒక్కో సెల్లును విడిగా చూసుకునే ఛార్జర్ కొనండి. జతలను జతలుగా చూసే చవక ఛార్జర్లలో ఒక సెల్లు నిండి, పక్కది అరకొరగా ఉండిపోతుంది.

బల్ల మీద కదలకుండా ఉండే పెద్ద రిసీవర్ అయితే ఇదంతా అక్కర్లేదు, అడాప్టర్ పెట్టేయండి. అసలుది పోయి వేరేది కొంటుంటే వోల్టులతో పాటు రంధ్రం పక్కన ఉండే బొమ్మ కూడా చూడండి, నడిమి పిన్ను ప్లస్సో మైనస్సో అందులో ఉంటుంది. అడాప్టర్ ఆంపియర్లు రిసీవర్ అడిగినదాని కంటే ఎక్కువున్నా ఫరవాలేదు, వోల్టులు మాత్రం సరిగ్గా అంతే ఉండాలి.

నా పెట్టెలో సెల్లుల జతలకు మార్కరుతో 1, 2, 3 అని అంకెలు వేసి ఉంటాయి, ఒక జతలోది ఇంకో జతతో కలపను. వాడేసినవి తలకిందులుగా పెడతాను, చీకట్లో కూడా చేతికి తెలిసిపోతుంది.